అలల్లో కాటమరాన్ కుదుపును అదుపు చేసే ఆటోమేటిక్ వ్యవస్థ: లెక్క దగ్గర్నుంచి సముద్ర పరీక్ష దాకా

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడవాటి అల) దక్షిణం నుంచి, కాస్త పడమర మొగ్గుతో వస్తుంది. కాబట్టి ఔటర్ హార్బర్ దాటి భీమిలి వైపు పోయే కాటమరాన్‌కు (రెండు దేహాలను పక్కపక్కన కలిపిన నౌకకు) అల వెనుక మూల నుంచి తగులుతుంది. తిరుగు ప్రయాణంలో అదే అల ముక్కు మీద కొడుతుంది. నౌక మారలేదు, వేగం మారలేదు, సముద్రమూ మారలేదు. అయినా పోయేటప్పుడు కాఫీ తాగినవాళ్లే వచ్చేటప్పుడు వాంతి కవర్లు అడుగుతారు. ఆటోమేటిక్ నియంత్రణ బిగించాలనుకునేవారు మొదట అర్థం చేసుకోవాల్సింది ఈ తేడానే. ఫాయిల్ (నీటిలో బలం పుట్టించే రెక్క) ఎంత పెద్దది, కంట్రోలర్ ఏ కంపెనీది అన్నవి ఆ తర్వాతి మాటలు.

లెక్కలన్నీ ఒకే ఉదాహరణ నౌక మీద చేద్దాం. అల్యూమినియం ప్యాసింజర్ కాటమరాన్, నీటిగీత దగ్గర పొడవు 28 మీటర్లు, బరువు 90 టన్నులు, వేగం 25 నాట్లు (సెకనుకు 12.86 మీటర్లు), రెండు హల్లులూ (నీటిలో తేలే నౌక దేహాలు) కలిపి నీటిగీత వైశాల్యం 92 చదరపు మీటర్లు. మీ నౌక అంకెలు వేరుగా ఉంటాయి, వాటితో ఇదే వరుసలో లెక్క వేసుకోండి.

మొదటి మెట్టు: తాకిడి కాలం

వాతావరణ సూచనలో ఇచ్చేది అల కాలం. నౌక అనుభవించేది తాకిడి కాలం, అంటే ఒక శిఖరం తగిలాక తర్వాతి శిఖరం తగలడానికి పట్టే సమయం. లెక్క సులువే. 6.283ను అల కాలంతో భాగిస్తే అల కోణీయ పౌనఃపున్యం వస్తుంది. దాన్ని వర్గం చేసి, నౌక వేగంతోనూ (సెకనుకు మీటర్లలో) అల దిశకూ నౌక దిశకూ మధ్య కోణపు కొసైన్‌తోనూ గుణించి, 9.81తో భాగించండి. అల ఎదురొస్తుంటే ఈ విలువను మొదటి పౌనఃపున్యానికి కలపాలి, వెనుక నుంచి వస్తుంటే తీసేయాలి. ఫలితంతో మళ్లీ 6.283ను భాగిస్తే తాకిడి కాలం.

10 సెకన్ల స్వెల్, 30 డిగ్రీల వాలు తీసుకోండి. భీమిలి వైపు పోయేటప్పుడు తాకిడి కాలం దాదాపు 35 సెకన్లు. అలతో పాటే జారుతున్నట్టుంటుంది, కుదుపు తెలియదు. తిరుగు ప్రయాణంలో 5.8 సెకన్లు, అంటే 0.17 హెర్ట్జ్. ఐఎస్‌ఓ 2631-1 ప్రమాణం ప్రకారం నిలువు కదలికతో కడుపులో తిప్పే గుణం 0.1 నుంచి 0.5 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, 0.16 దగ్గర అది అత్యధికం. సరిగ్గా అక్కడే వచ్చి కూర్చున్నాం. వేగం 18 నాట్లకు తగ్గించినా తాకిడి కాలం 6.6 సెకన్లే, 0.15 హెర్ట్జ్. వేగం తగ్గిస్తే దెబ్బ తీవ్రత తగ్గుతుంది కానీ వాంతుల పట్టీ నుంచి బయటపడం. ఈ సంగతి తెలియక ప్రతిసారీ థ్రాటిల్ తగ్గించి, గంట ఆలస్యంగా చేరి, అందరికీ కడుపు తిప్పించే నౌకలున్నాయి.

6 సెకన్ల గాలి అల నేరుగా ఎదురొస్తే తాకిడి కాలం 2.5 సెకన్లు. 8 సెకన్ల అల అయితే 3.9. ఈ మూడు అంకెలూ (2.5, 3.9, 5.8) ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, కింద పని పడుతుంది.

రెండో మెట్టు: నౌక ఎంత మొండిదో కనుక్కోవడం

నౌకను ఒక మీటరు కిందికి నొక్కడానికి కావలసిన బలం నీటిగీత వైశాల్యం మీదే ఆధారపడుతుంది. 92 చదరపు మీటర్లకు అది మీటరుకు 925 కిలోన్యూటన్లు. నౌకతో పాటు కదిలే నీటి బరువును కూడా కలిపి 162 టన్నులు అనుకుంటే హీవ్ (నౌక మొత్తం లేచి దిగడం) సహజ కాలం 2.6 సెకన్లు వస్తుంది. పిచ్‌కు (ముక్కు, వెనుక భాగం పైకీ కిందికీ ఊగడానికి) దృఢత్వం డిగ్రీకి సుమారు 777 కిలోన్యూటన్-మీటర్లు, సహజ కాలం 2.8 సెకన్లు.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. 2.5 సెకన్ల తాకిడి సహజ కాలం మీదే పడింది, అది అనునాదం. అక్కడ డ్యాంపింగ్ (ఊపును హరించే నిరోధం) ఒక్కటే కాపాడుతుంది, కొద్దిపాటి బలంతోనే పెద్ద ఫలితం వస్తుంది. 5.8 సెకన్ల దగ్గర కథ వేరు. నౌక అల ఆకారాన్ని అంటిపెట్టుకుని లేచి దిగుతుంది, డ్యాంపింగ్ ఎంత పెంచినా పెద్దగా లాభం ఉండదు. అక్కడ దృఢత్వంతోనే తలపడాలి, దానికి చాలా బలం కావాలి. ‘మా సిస్టమ్ కుదుపును సగానికి తగ్గిస్తుంది’ అని ఎవరైనా అంటే, ఏ తాకిడి కాలం దగ్గర అని అడగండి. జవాబు లేకపోతే ఆ సగం బ్రోచర్‌లోనే ఉంటుంది.

మూడో మెట్టు: బలం ఎక్కడి నుంచి వస్తుంది

కాటమరాన్‌లో ఎక్కువగా వాడే కూర్పు, ముందువైపు ప్రతి హల్లు కింద ఒక టీ-ఫాయిల్, వెనుక ట్రాన్సమ్ (హల్లు వెనుక గోడ) దగ్గర ఇంటర్‌సెప్టర్లు లేదా ట్రిమ్ ట్యాబ్‌లు. టీ-ఫాయిల్ పైకీ కిందికీ రెండు వైపులా బలం ఇవ్వగలదు. ఇంటర్‌సెప్టర్ అనేది ట్రాన్సమ్ అంచున కిందికి దిగే పలక, దాని కదలిక 50 మిల్లీమీటర్ల లోపు. చాలా చురుకైనది, కానీ స్టెర్న్‌ను (నౌక వెనుక భాగాన్ని) పైకి మాత్రమే ఎత్తగలదు, కిందికి లాగలేదు. కాబట్టి దాన్ని 15–20 మిల్లీమీటర్ల దగ్గర మధ్యస్థంగా నిలిపి, అక్కడి నుంచి అటూ ఇటూ ఆడించాలి. ఆ మధ్యస్థానం వల్ల ముక్కు ఎప్పుడూ కాస్త కిందికి వాలుతుంది. ట్రిమ్ (నౌక నిలకడగా ముందుకో వెనక్కో వాలే తీరు) లెక్కలో దాన్ని ముందే కలపకపోతే ఎదురు అలల్లో డెక్ మీదికి నీళ్లు వస్తాయి.

ట్యాబ్‌లు ఒక్కటే చాలవా అని ఖర్చు చూసి అడుగుతారు. రోల్ (పక్కలకు ఊగడం), ట్రిమ్ సరిచేయడానికి చాలు. పిచ్ తగ్గించాలంటే ముందు ఫాయిల్ కావాల్సిందే. గురుత్వ కేంద్రానికి దూరంగా రెండు చివర్లా బలం ఉంటేనే పిచ్‌నూ హీవ్‌నూ విడివిడిగా పట్టుకోగలం.

నాలుగో మెట్టు: ఫాయిల్ కొలత

ఒక్కో ఫాయిల్ 1.2 చదరపు మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు, సగటు కార్డ్ (ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా కొలత) 0.63 మీటరు, గురుత్వ కేంద్రానికి 10 మీటర్ల ముందు. 25 నాట్ల దగ్గర ప్రవాహ పీడనం (సాంద్రతలో సగం × వేగం వర్గం) 84.8 కిలోపాస్కల్స్. లిఫ్ట్ గుణకం డిగ్రీకి 0.061 అనుకుంటే ఒక్కో ఫాయిల్ డిగ్రీకి 6.2 కిలోన్యూటన్లు ఇస్తుంది. 10 డిగ్రీలకు 62, రెండూ కలిపి 124 కిలోన్యూటన్లు, అంటే పన్నెండున్నర టన్నులు.

ఇది ఎంత పని చేస్తుంది? 124ను 925తో భాగిస్తే 0.13 మీటరు. హీవ్‌ను నిలకడగా 13 సెంటీమీటర్లు మించి మార్చలేం. కానీ పిచ్‌లో 10 మీటర్ల చేయి వల్ల 1,240 కిలోన్యూటన్-మీటర్ల మొమెంట్ వస్తుంది, అది 1.6 డిగ్రీలు. ఒక మీటరు ఎత్తున్న 10 సెకన్ల స్వెల్ వాలు దాదాపు 1.2 డిగ్రీలు మాత్రమే. అంటే స్వెల్ తెచ్చే పిచ్‌ను ఈ ఫాయిల్ దాదాపు పూర్తిగా అణచగలదు, హీవ్‌ను అణచలేదు. వ్యవస్థ మొత్తానికీ కీలకమైన మాట ఇదే: మామూలు కాటమరాన్‌లో ఉన్న కొద్ది బలాన్ని పిచ్ మీద ఖర్చు పెట్టండి. ముందు వరుస సీట్లలో తగిలే కుదుపులో పిచ్ వాటా పెద్దది కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. నౌక మధ్యలో కూర్చున్నవాళ్లకు స్వెల్‌లో అంత తెలియదు, ఆ సంగతి యజమానికి ముందే చెప్పేయడం మంచిది.

కేవిటేషన్ (పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారడం) కూడా చూడాలి. ఫాయిల్ 1.8 మీటర్ల లోతులో ఉంటే అక్కడి పీడనం నుంచి మన వేడి నీళ్ల ఆవిరి పీడనం (30 డిగ్రీల సెల్సియస్ దగ్గర 4.2 కిలోపాస్కల్స్) తీసేస్తే సుమారు 115 మిగులుతుంది. 84.8తో భాగిస్తే కేవిటేషన్ సంఖ్య 1.36. 10 డిగ్రీలు దాటితే ఫాయిల్ ముందు అంచు దగ్గర పీడనం ఆ హద్దును మించి పడిపోతుంది. 35 నాట్ల నౌకకు ఈ సంఖ్య 0.7కు దిగుతుంది, కోణం హద్దును కూడా ఆ మేరకు బాగా తగ్గించుకోవాలి. కోణం హద్దును వేగంతో పాటు మార్చే పట్టిక కంట్రోలర్‌లో తప్పనిసరి.

ఐదో మెట్టు: హైడ్రాలిక్స్

10 డిగ్రీల కదలికను 0.4 హెర్ట్జ్ దగ్గర చేయాలంటే ఫాయిల్ సెకనుకు 25 డిగ్రీలు తిరగాలి. 30కి డిజైన్ చేయండి. ఇక్కడ పొదుపు చేస్తే ఏమవుతుందంటే, చిన్న అలల్లో అంతా బాగుంటుంది, పెద్ద అలల్లో ఫాయిల్ కమాండ్‌ను అందుకోలేక వెనకబడుతుంది. వెనకబడిన బలం కుదుపును ఆపకపోగా పెంచుతుంది. అవసరమైన రోజునే మొండికేసే వ్యవస్థ తయారవుతుంది.

షాఫ్ట్‌ను కార్డ్‌లో 20 నుంచి 25 శాతం మధ్య, లిఫ్ట్ కేంద్రానికి కొద్దిగా ముందు పెట్టండి. ఆయిల్ పీడనం పోయినప్పుడు నీరే ఫాయిల్‌ను ప్రవాహానికి వాటంగా తిప్పుతుంది. కేంద్రానికి వెనుక పెడితే ఫాయిల్ తనంతట తానే చివరిదాకా తిరిగి ఇరుక్కుంటుంది. 5 శాతం తేడాకు టార్క్ సుమారు 2 కిలోన్యూటన్-మీటర్లు, బేరింగ్ రాపిడికీ అలజడికీ కలిపి 4కు చూసుకోండి. 150 మిల్లీమీటర్ల లివర్ మీద 160 బార్ పీడనంతో 50 మిల్లీమీటర్ల బోర్ సిలిండర్ సరిపోతుంది. రాడ్ వైపు వైశాల్యం తక్కువ కాబట్టి లాగే దిశలో బలం విడిగా సరిచూడాలి. సెకనుకు 30 డిగ్రీలకు ఒక్కో సిలిండర్‌కు నిమిషానికి 9 లీటర్ల పైన ఆయిల్ కావాలి. రెండింటికీ 19 లీటర్లు, మోటారు 6–7 కిలోవాట్లు.

ఆరో మెట్టు: సెన్సర్లు, ఫిల్టర్లు, ఆలస్యం

గురుత్వ కేంద్రం దగ్గర ఒక ఇనర్షియల్ యూనిట్ (నౌక కోణాలనూ త్వరణాలనూ కొలిచే పెట్టె), ముందు సీట్ల కింద ఒక యాక్సిలరోమీటర్, ఒక్కో ఫాయిల్‌కు కోణం సెన్సర్, నీటిలో వేగం చూపే లాగ్. యూనిట్‌ను పలచటి ప్యానెల్‌కు స్క్రూలతో బిగించొద్దు. ఇంజిన్ వణుకుకు ఆ ప్యానెల్ మోగుతుంది, ఆ మోత శాంప్లింగ్‌లో ముడుచుకుని నకిలీ నెమ్మది కదలికగా కనపడుతుంది. హల్లు ఫ్రేముకు వెల్డ్ చేసిన మందపాటి సీటు మీద పెట్టి, శాంప్లింగ్ 50 హెర్ట్జ్‌కు తగ్గకుండా, దానికి ముందు అనలాగ్ ఫిల్టర్ ఉండేలా చూడండి.

వేగానికి జీపీఎస్ చాలదా? ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరంగా బలంగా నడుస్తుంది. 2 నాట్ల ప్రవాహం ఉంటే 25 నాట్ల దగ్గర బలం అంచనాలో 16–17 శాతం తప్పు వస్తుంది. లాగ్ పాడైనప్పుడు ప్రత్యామ్నాయంగా మాత్రమే జీపీఎస్‌ను ఉంచుకోండి.

ఆలస్యాన్ని కాగితం మీద కూడండి. అలల దెబ్బ తర్వాత హల్లు మోతను వడకట్టడానికి 2 హెర్ట్జ్ ఫిల్టర్ పెడితే 0.38 హెర్ట్జ్ దగ్గర 15 డిగ్రీల ఫేజ్ (ఊపు చక్రంలో స్థానం) వెనకబడుతుంది. యాక్చుయేటర్ 0.1 సెకను ఆలస్యానికి 13 డిగ్రీలు. కంప్యూటర్ 20 మిల్లీసెకన్లకు దాదాపు 3. మొత్తం 31 డిగ్రీలు. ఇంతవరకు ఫర్వాలేదు, డ్యాంపింగ్‌లో 14 శాతమే పోతుంది. 60 డిగ్రీలకు చేరితే సగం పోతుంది. 90 దాటితే వ్యవస్థే నౌకను ఊపుతుంది. ‘సిగ్నల్ గరుకుగా ఉంది’ అని ఒకరు ఒక ఫిల్టర్, ఇంకొకరు ఇంకో ఫిల్టర్ పెట్టుకుంటూ పోయి ఈ హద్దు దాటించడం మామూలుగా జరిగేదే. గరుకు సిగ్నల్‌తో బతకొచ్చు, ఆలస్యపు సిగ్నల్‌తో బతకలేం.

నిలువు వేగం కోసం యాక్సిలరోమీటర్‌ను ఇంటిగ్రేట్ చేసేటప్పుడు నెమ్మదిగా జరిగే డ్రిఫ్ట్‌ను 0.03 హెర్ట్జ్ హై-పాస్‌తో తీసేయండి. 0.2 హెర్ట్జ్ దగ్గర అది 8–9 డిగ్రీలు ముందుకు జరుపుతుంది, సహించదగినదే. సెన్సర్ గురుత్వ కేంద్రం మీద లేకపోతే, పిచ్ కోణీయ త్వరణాన్ని దూరంతో గుణించి తీసేయడం మరవొద్దు. లేకపోతే పిచ్ అంతా హీవ్‌గా కనపడి, ముందు ఫాయిల్స్, వెనుక ఇంటర్‌సెప్టర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ఏడో మెట్టు: కంట్రోల్ సూత్రం

ముందు డ్యాంపింగ్, తర్వాతే మిగతావి. పిచ్ రేటుకు అనుపాతంగా ఫాయిల్‌ను వ్యతిరేక దిశలో తిప్పాలి. డ్యాంపింగ్ నిష్పత్తిని 0.3 పెంచాలనుకుంటే ఉదాహరణ నౌకకు సెకనుకు ఒక రేడియన్ పిచ్ రేటుకు 11,900 కిలోన్యూటన్-మీటర్లు కావాలి. ఫాయిల్ జత డిగ్రీకి ఇచ్చేది 124 కిలోన్యూటన్-మీటర్లు. కాబట్టి సెకనుకు ఒక డిగ్రీ పిచ్ రేటుకు 1.67 డిగ్రీల ఫాయిల్.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. ముక్కు పైకి లేస్తున్నప్పుడు ఫాయిల్‌కు నీరు పైనుంచి తగులుతున్నట్టే. 10 మీటర్ల ముందున్న ఫాయిల్‌కు సెకనుకు ఒక డిగ్రీ పిచ్ రేటుతో 0.78 డిగ్రీల కోణం దానంతట అదే వస్తుంది. అంటే కదలకుండా బిగించిన ఫాయిల్ కూడా మనం అడిగిన డ్యాంపింగ్‌లో దాదాపు సగం ఉచితంగా ఇస్తుంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది. స్టాల్‌కు (కోణం ఎక్కువై ఫాయిల్ లిఫ్ట్ కోల్పోవడానికి) లెక్కలోకి వచ్చేది మొత్తం కోణం: 1.67కు 0.78 కలిపితే 2.45. పిచ్ రేటు సెకనుకు 4 డిగ్రీలు దాటగానే 10 డిగ్రీల హద్దు తగులుతుంది. ఫాయిల్ షాఫ్ట్ సెన్సర్ మాత్రం ఏడు డిగ్రీల లోపే చూపిస్తూ ఉంటుంది! పైగా ఒకటిన్నర మీటర్ల, 8 సెకన్ల అలలో నీటి కణాల సొంత కదలిక ఇంకో 2.3 డిగ్రీలు కలుపుతుంది. కాబట్టి హద్దును షాఫ్ట్ కోణం మీద కాకుండా అంచనా వేసిన మొత్తం కోణం మీద పెట్టండి. అంచనా సూత్రం: షాఫ్ట్ కోణం, దానికి ఫాయిల్ దగ్గరి నిలువు వేగాన్ని నౌక వేగంతో భాగించిన కోణం కలపాలి.

గెయిన్‌ను (పిచ్ రేటుకు ఎంత ఫాయిల్ కోణం అన్న గుణకాన్ని) వేగం వర్గానికి విలోమంగా మార్చండి. 18 నాట్ల దగ్గర ఒక డిగ్రీ ఇచ్చే బలం దాదాపు సగమే, కాబట్టి గెయిన్ 1.67 నుంచి 3.2కు పెరుగుతుంది. కోణం హద్దు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి గరిష్ఠ బలం సగానికి పడిపోతుంది. 10 నాట్ల లోపు ఫాయిల్‌ను మధ్యలో లాక్ చేయండి. అక్కడ అది ఊగడం తప్ప చేసేదేమీ లేదు, సీళ్లు మాత్రం అరుగుతాయి.

స్వెల్ కోసం పిచ్ కోణం మీద చిన్న గెయిన్ కలపొచ్చు. ట్రిమ్ సరిచేసే ఇంటిగ్రల్ భాగం (తేడాను కాలంతో పాటు కూడుతూ పోయేది) వెనుక ఇంటర్‌సెప్టర్లకు ఇవ్వండి, టీ-ఫాయిల్‌కు వద్దు. రోల్ కోసం ఎడమ, కుడి ఫాయిల్స్‌కు వ్యతిరేక కమాండ్లు కలపాలి. కాటమరాన్‌లో రోల్, పిచ్ సహజ కాలాలు దగ్గరగా ఉంటాయి, అందుకే వాలు అలల్లో మెలితిప్పినట్టు ఊగుతుంది. రెండు కమాండ్లూ కలిసి హద్దు దాటితే ఎవరికి ప్రాధాన్యమో ముందే రాసిపెట్టాలి. ఎదురు అలల్లో పిచ్‌కు పదింట ఏడు పాళ్లు, పక్క అలల్లో రోల్‌కు ఏడు పాళ్లు అనుకుంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

ఎనిమిదో మెట్టు: నమూనా పరీక్ష

ఈ పనికి విశాఖలో ఉన్న వసతి దేశంలో చాలా చోట్ల లేదు. నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, అదే ఎన్‌ఎస్‌టీఎల్‌లో, 500 మీటర్ల హైస్పీడ్ టోయింగ్ ట్యాంకు, వాలు అలలు పుట్టించగల సీకీపింగ్ బేసిన్ ఉన్నాయి. 1:15 నమూనా తీసుకుంటే పొడవు 1.87 మీటర్లు, వేగం సెకనుకు 3.3 మీటర్లు, 8 సెకన్ల అల 2.07 సెకన్లవుతుంది. కాలం 3.87 రెట్లు కుదించుకుపోతుంది కాబట్టి ఫాయిల్ తిరిగే రేటు కూడా 25కు బదులు సెకనుకు 97 డిగ్రీలు ఉండాలి. ఫిల్టర్లన్నీ అదే నిష్పత్తిలో వేగవంతం చేయాలి. అసలు నౌక సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టు నమూనాలో పెట్టి ‘పనిచేయలేదు’ అనుకోవడం మామూలు పొరపాటు.

నమూనా ఫాయిల్ కార్డ్ 42 మిల్లీమీటర్లే. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జిగట ప్రభావం ఎంత తక్కువో చెప్పేది) లక్షన్నర దగ్గర, అసలు నౌకలో అది 90 లక్షల పైమాటే. చిన్న ఫాయిల్ తొందరగా స్టాల్ అవుతుంది. ముందు అంచు వెనుక ఇసుక రేణువుల పట్టీ అతికించండి. అయినా గరిష్ఠ లిఫ్ట్ విషయంలో నమూనాను నమ్మొద్దు, ఫేజ్ విషయంలో మాత్రం నమ్మొచ్చు.

తొమ్మిదో మెట్టు: నీళ్లలోకి దించేముందు

స్లిప్ (నౌకను ఒడ్డుకెక్కించే వాలు) మీద, ఫాయిల్ కళ్లకు కనపడుతుండగా దిశ పరీక్ష చేయాలి. ఇనర్షియల్ యూనిట్‌ను దాని సీటు నుంచి విప్పి చేత్తో పట్టుకుని, ముందు వైపును పైకి ఎత్తండి. ఎత్తుతున్నంతసేపూ ముందు ఫాయిల్ ముందు అంచు కిందికి తిరగాలి, చెయ్యి ఆగగానే మధ్యకు రావాలి. తర్వాత ఎడమ పక్క పైకి: ఎడమ ఫాయిల్ ముందు అంచు కిందికి, కుడిది పైకి. ఇవి తప్పితే సముద్రానికి వెళ్లొద్దు. గుర్తు తారుమారైన వ్యవస్థ సరిగ్గా పనిచేసే వ్యవస్థ ఎంత బలంగా ఆపుతుందో అంత బలంగా ఊపుతుంది. ఎడమ, కుడి కేబుళ్లు మారిపోతే పిచ్ పరీక్షలో బయటపడదు, రోల్ పరీక్షలోనే తెలుస్తుంది. అందుకే రెండూ చేయాలి.

తర్వాత ఆయిల్ పంపు ఆపండి, సెన్సర్ కేబుల్ ఊడదీయండి, కంట్రోలర్ కరెంటు తీసేయండి. ఒక్కొక్కసారి ఒక్కొక్కటి. ప్రతిసారీ ఫాయిల్స్ మధ్యకు రావాలి, బ్రిడ్జిలో అలారం మోగాలి. ఒక ఫాయిల్ ఇరుక్కుంటే రెండోది దానికి వ్యతిరేకంగా తిరగకుండా అదీ మధ్యకే రావాలి. వేగ నౌకల అంతర్జాతీయ నియమావళి అయిన హై స్పీడ్ క్రాఫ్ట్ కోడ్‌లో 16వ అధ్యాయం స్టెబిలైజేషన్ వ్యవస్థల గురించే. వైఫల్యాల విశ్లేషణ పద్ధతి దాని 4వ అనుబంధంలో ఉంది. క్లాస్ సర్వేయర్ (నౌకను ధ్రువీకరించే సంస్థ తనిఖీదారు) అడిగేది ఈ పరీక్షల రికార్డునే.

పదో మెట్టు: సముద్ర పరీక్ష

ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) సూచన చూసుకుని, మొదటి రోజుకు ఒక మీటరు లోపు అలలు ఎంచుకోండి. డాల్ఫిన్స్ నోస్ నీడ దాటి, కొండ నుంచి తిరిగొచ్చే అలలు తగలనంత లోతుకు వెళ్లాలి. ఒడ్డు దగ్గర కొలిచినదానికి విలువ ఉండదు. నక్షత్రం ఆకారంలో ఐదు దిశలు: ఎదురు, ఎదురు వాలు, పక్క, వెనుక వాలు, వెనుక. గెయిన్ 25 శాతంతో మొదలుపెట్టి 50, 75, 100. ఏ దశలోనైనా ఫాయిల్ కోణం రికార్డులో తాకిడి పౌనఃపున్యం కాకుండా ఇంకో వేగవంతమైన ఊపు కనపడితే గెయిన్ పెంచడం అక్కడే ఆపేయండి.

ఆన్, ఆఫ్ పోలికను ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెట్టొద్దు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి అల మారిపోతుంది. ఐదేసి నిమిషాలు మార్చి మార్చి చేయండి. ఎదురు అలల్లో 20 నిమిషాలకు 300 తాకిళ్లు దొరుకుతాయి. వెనుక వాలులో 35 సెకన్లకు ఒకటి చొప్పున 34 మాత్రమే, కాబట్టి ఆ దిశలో రెండు మూడు పరుగులు కలిపి లెక్కించాలి.

ఫలితాన్ని ఐఎస్‌ఓ 2631-1 పద్ధతిలో చెప్పండి. పౌనఃపున్యాన్ని బట్టి తూకం వేసిన నిలువు త్వరణపు సగటును (ఆర్‌ఎంఎస్) సెకన్లలో సమయం వర్గమూలంతో గుణించి, మూడుతో భాగిస్తే అలవాటు లేని వందమందిలో వాంతి చేసుకునేవారి అంచనా. సగటు 0.5 (సెకను వర్గానికి మీటర్లు) ఉండి ప్రయాణం రెండు గంటలైతే 14 మంది. 0.3కు తగ్గితే 8 లేదా 9. యజమానికి డిగ్రీల కన్నా ఈ లెక్క బాగా ఎక్కుతుంది.

వెనుక అలలు

8 సెకన్ల అల వేగం సెకనుకు 12.5 మీటర్లు, అంటే 24 నాట్ల పైచిలుకు. 25 నాట్ల నౌక దాని వీపు మీద దాదాపు ఆగిపోయినట్టు నిలబడుతుంది. తాకిడి పౌనఃపున్యం సున్నా దగ్గర ఉంటుంది, యాక్సిలరోమీటర్‌కు ఏమీ కనపడదు. ముక్కు పైకి లేచి ఉందని ఇంటిగ్రల్ భాగం నెమ్మదిగా పోగుపడుతుంది, ఇంటర్‌సెప్టర్ ఒక చివరకు చేరుతుంది. నౌక ఆ అల దాటి ముందు అల వెనుక భాగంలోకి దూరేటప్పుడు దిద్దుబాటు తప్పు వైపు ఉంటుంది. ముక్కు మునిగితే స్టీరింగ్ కూడా పోతుంది. అందుకే తాకిడి కాలం 15 సెకన్లు దాటితే ఇంటిగ్రల్‌ను స్తంభింపజేసి, ఇంటర్‌సెప్టర్లను పైకి తీసి, ముందు ఫాయిల్‌కు ముక్కు ఎత్తే వైపు ఒకటి రెండు డిగ్రీల మొగ్గు ఇచ్చే మోడ్ ప్రత్యేకంగా ఉండాలి. థ్రాటిల్‌ను మాత్రం మనిషికే వదలండి. అల కన్నా నెమ్మదిగా వెళ్లడమే అసలు మందు.

స్వాత్ నౌక అయితే

నీటి అడుగున రెండు గొట్టాలు, పైన సన్నని స్ట్రట్లు ఉండే స్వాత్‌లో లెక్క తలకిందులవుతుంది. నీటిగీత వైశాల్యం 20 చదరపు మీటర్లే అనుకుంటే దృఢత్వం మీటరుకు 201 కిలోన్యూటన్లు. అదే 124 కిలోన్యూటన్లు అక్కడ 62 సెంటీమీటర్ల హీవ్‌ను మార్చగలవు. నియంత్రణకు లొంగే నౌక అంటే ఇదే. కానీ మునిగిన గొట్టాల మీద ముంక్ మొమెంట్ (గొట్టాన్ని ప్రవాహానికి అడ్డం తిప్పాలని చూసే మొమెంట్) వేగం వర్గంతో పెరిగి, ఒక హద్దు దాటాక నౌకను పిచ్‌లో అస్థిరం చేస్తుంది. కాబట్టి వెనుక ఫిన్స్ ఇక్కడ సౌఖ్యం కోసం కాదు, నిలబడటం కోసం. కంట్రోలర్ ఆగిపోయినా మధ్యలో బిగిసిన వెనుక ఫిన్స్‌తోనే నౌక పూర్తి వేగంలో స్థిరంగా ఉండేలా వాటి వైశాల్యం ఎంచుకోవాలి. కంట్రోలర్ ముందు ఫిన్స్‌తో మెరుగులు దిద్దాలి, అంతే. పెద్ద స్వెల్‌లో డెక్‌ను కదలకుండా ఉంచాలని పట్టుబడితే అల వెట్ డెక్‌ను (రెండు స్ట్రట్ల మధ్య నీటికి పైనున్న డెక్‌ను) అడుగు నుంచి గుద్దుతుంది. అల ఎత్తు డెక్ ఖాళీలో సగం దాటితే అలను అనుసరించే మోడ్‌కు మార్చండి.

పాడయ్యే చోట్లు

మన దగ్గర మొదటి శత్రువు నైలాన్ వల. టీ-ఫాయిల్ స్ట్రట్‌కు చుట్టుకున్న వల ముక్క షాఫ్ట్ సందులోకి దూరి సీలు కోస్తుంది. కమాండ్‌కూ ఫాయిల్ కోణానికీ తేడా పెరుగుతూ, మోటారు కరెంటు ఎక్కుతుంటే ముందుగా దీన్నే అనుమానించండి. ఫిషింగ్ హార్బర్ దారిలో పొద్దున్నే పడవలు తిరిగొచ్చే వేళ ఫాయిల్‌ను లాక్ చేసి, నెమ్మదిగా వెళ్లడం చవకైన జాగ్రత్త.

రెండోది బార్నకిల్స్ (అంటుకుపోయే గుల్ల జీవులు). వెచ్చని నీళ్లలో నిలిపి ఉంచిన నౌక ఫాయిల్ ముందు అంచు మీద కొద్ది వారాల్లోనే గరుకు పొర పడుతుంది, స్టాల్ కోణం తగ్గుతుంది. గెయిన్లు మారకపోయినా ఫలితం తగ్గిందంటే సాఫ్ట్‌వేర్ తెరవకముందు డైవర్‌ను దించండి. మూడోది, స్టెయిన్‌లెస్ ఫాయిల్ అల్యూమినియం హల్లును తినేయడం. ఫ్లాంజ్ మధ్య ఇన్సులేషన్ రబ్బరు, బోల్టులకు స్లీవ్‌లు ఉండాలి. మల్టీమీటర్‌తో నిరోధం కొలవాల్సింది నౌక ఆరిపోయి ఉన్నప్పుడే. బేరింగ్ ఆట అర డిగ్రీ దాటితే ఫాయిల్ మధ్య స్థానం చుట్టూ ఆగకుండా చిన్నగా కొట్టుకుంటుంది, ఆ టకటక ముందు క్యాబిన్‌లో వినపడుతుంది. ఆయిల్ పాల రంగుకు తిరిగితే సీలు దాటి నీరు వచ్చినట్టే.

డ్రైడాక్‌లో ఏ కేబుల్, ఏ హోస్ విప్పి బిగించినా తొమ్మిదో మెట్టులోని రెండు దిశ పరీక్షలూ మళ్లీ చేసి, తేదీ వేసి, చీఫ్ ఇంజినీర్ సంతకంతో లాగ్‌బుక్‌లో రాయించండి.